పోటు టైం చూసుకుని రండి

కార్తీకం వెళ్ళేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. అప్పటిదాకా పెళ్ళి ఆల్బములు, ఫ్లాష్ గొడవలు, "పాత కెమెరా అమ్మితే ఎంతొస్తుంది" లాంటివి వస్తాయి. ఆ తర్వాత అన్నీ పిట్టలే. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి కెమెరాలు భుజాన వేసుకుని గోదావరి డెల్టాకి దిగుతారు. తిరిగి ఇంటికెళ్ళాక నాకు ఉత్తరం రాస్తారు. వచ్చేముందు రాస్తే ఎంత బాగుండునో! కాకినాడలో స్టూడియో పెట్టి 30 ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి. కొట్టు మూసేశాక పిట్టల మీద పడ్డాను. నా జవాబుల్లో అక్కడక్కడా పెళ్ళిపందిరి కనిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: గురువుగారూ, డిసెంబర్లో రెండు రోజులు సెలవు పెట్టి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వచ్చాను. నా దగ్గర 100–400 మి.మీ. జూమ్ లెన్సు ఉంది. కుంభాభిషేకం అనే తీరం దగ్గర బోలెడన్ని వలస పక్షులుంటాయని విని పొద్దున్నే వెళ్ళాను. ఎక్కడో దూరంగా బురదలో మిరియాలు చల్లినట్టు చుక్కలు కనిపించాయి. తీసినవి కూడా నల్లగా వచ్చాయి. 600 లెన్సు కొంటే సరిపోతుందా? — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

లెన్సు కొనకండి బాబూ. ముందు ఒక పంచాంగం కొనండి. దాని ఖరీదు లెన్సు మూత ఖరీదంత కూడా ఉండదు.

మీరు వెళ్ళింది ఆటు వేళ, సముద్రం వెనక్కి తీసినప్పుడు. కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డం ఉంది కదా, దానివల్ల లోపలి నీళ్ళు పెద్ద అలలు లేకుండా, లోతు లేకుండా చెరువులా ఉంటాయి. నీరు తీసిందంటే బురద చాలా దూరం బయటపడుతుంది. ఆ బురదలో ఉండే పురుగులూ చిన్న చిన్న గుల్లలూ పీతపిల్లలే మీరు చూసిన ఆ ఉల్లంకి పిట్టల తిండి. నీటి అంచు ఎంత దూరం పోతే అవీ అంత దూరం పోతాయి. గట్టు మీద నిలబడి 600 పెట్టినా మీకు కనిపించేవి కాస్త పెద్ద మిరియాలే.

పోటు ఎక్కేటప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. నీరు పెరిగే కొద్దీ వాటికి కాలు పెట్టే చోటు తగ్గుతుంది. మేస్తూ మేస్తూ వెనక్కి జరుగుతాయి, అంటే మీ వైపుకి. నీరు నిండే సమయానికి మిగిలిన కాస్త మెరక మీద గుంపుగా చేరి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు రెక్కలో దూర్చి కునుకు తీస్తాయి. మీరు చేయాల్సిందల్లా పోటు నిండడానికి రెండు గంటల ముందే వెళ్ళి ఒక చోట కూర్చోవడం. నిలబడటం కాదు, కూర్చోవడం. మట్టిరంగు చొక్కా వేసుకోండి. నా మంచి ఫొటోలన్నీ అలా కూర్చుని తీసినవే. వెంటపడి తీసిన వాటిలో తోకలే ఉన్నాయి.

రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిరోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏ ఊళ్ళోనైనా అమావాస్య, పౌర్ణమి పోటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. మీకు కావలసిన ఎండ ఆ వేళకు లేకపోతే పెద్ద పోటు కదా అని వచ్చి లాభం లేదు. రెండు మూడు రోజులు ముందుకో వెనక్కో జరుపుకుని, కాస్త చిన్న పోటయినా మంచి వెలుతురున్న రోజు చూసుకోవాలి. ఫోన్లో పోటు వేళలు చూపించే యాప్‌లు ఉన్నాయి. అందులో ఊరు కాకినాడ అని ఉందో లేదో చూసుకోండి. ఒకాయన విశాఖ వేళలు చూసుకుని వచ్చి నాతో పోట్లాడాడు.

ఇక ఫొటోలు నల్లగా రావడం. కాకినాడ గట్టు మీద నిలబడితే సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున సూర్యుడు మీ కళ్ళల్లోకి, పిట్ట వీపు మీదకి కొడతాడు. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు మీ భుజం మీదుగా వెళ్ళి పిట్ట మొహాన పడుతుంది. పొద్దున తప్ప వీలుకాదంటే నీడబొమ్మల్లా తీసుకోండి, అవీ బాగుంటాయి. కానీ ఇంటికెళ్ళాక ఏ పిట్టో పోల్చుకోలేరు.

బురదలోకి మాత్రం దిగకండి. పై నుంచి గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. నేను ఒకసారి నాలుగడుగులు వేసి మోకాలి దాకా కూరుకుపోయాను. ఒక చేత్తో కెమెరా నెత్తిమీద పెట్టుకుని నిలబడితే, గుల్లలేరుకునే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి "మీకెందుకండి బాబూ ఈ పని" అంటూ లాగారు. నా చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఏ మెరక మీద ఏ పిట్ట వాలుతుందో వాళ్ళని అడగండి, మనకంటే బాగా తెలుసు.

ఇంకొక్క మాట. అవి అంత దగ్గరగా వచ్చి నిద్రపోతుంటే లేచి ఇంకో పది అడుగులు వేద్దామనిపిస్తుంది. వేయకండి. బార్ టెయిల్డ్ గాడ్విట్ అని పొడుగు ముక్కు పిట్ట ఒకటుంది, మన తీరానికీ వస్తుంది. 2022లో ఆ జాతి పిట్ట ఒకటి, ఆ ఏడాది పుట్టిందే, ఒంటికి ట్యాగ్ కట్టి వదిలితే అలాస్కా నుంచి టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎక్కడా దిగకుండా ఎగిరింది. అలాంటి ప్రయాణాలు చేసే పిట్టలు దారిఖర్చుకి కావలసిన కొవ్వు ఇలాంటి బురదల్లోనే కూడబెట్టుకోవాలి. మనం లేపిన ప్రతిసారీ అందులోంచి కొంత ఖర్చవుతుంది. వాటితో కలిసి తిరిగే గ్రేట్ నాట్ ఇప్పటికే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. పెళ్ళిలో ఫొటోగ్రాఫర్ అడ్డొస్తే "కాస్త పక్కకి జరగండి" అంటారు. పిట్టలు అలా అనవు. మేత మానేసి, మెడలు చాచి, అన్నీ మీ వైపే చూస్తుంటే అదే ఆ మాట అని అర్థం చేసుకోండి.

అన్నట్టు, పుష్య బహుళ అమావాస్యకి రావాలనుకుంటే ఆలోచించుకోండి. ఆ రోజు చొల్లంగి అమావాస్య. సముద్రస్నానానికి కాకినాడ పక్కనున్న చొల్లంగికి వచ్చే జనంతో ఆ దారంతా నిండిపోతుంది.

ప్రశ్న: సార్, లెన్సు కొని ఆరు నెలలైంది. యానాం వైపు వెళ్ళినప్పుడు పొద్దున ఏడింటికి తీసినవి ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పదకొండింటికి తీసినవన్నీ పాలలో ముంచినట్టు ఉన్నాయి. షాపువాళ్ళు లెన్సు బాగానే ఉందంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. — ఒక బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

షాపువాళ్ళు నిజమే చెప్పారమ్మా. పాడైంది లెన్సు కాదు, మధ్యలో ఉన్న గాలి.

ఎండాకాలం తారురోడ్డు మీద దూరంగా నీళ్ళు ఉన్నట్టు కనిపిస్తాయి, చూశారా? అదే ఇది. ఎండెక్కాక నేల కాగి, దాని పైనున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడిగాలి, చల్లగాలి పొరలు పొరలుగా కలిసినచోట వెలుతురు వంకర్లు తిరుగుతుంది. మీ కంటికి అది చిన్న వణుకు. పెద్ద లెన్సు పిట్టతో పాటు ఆ వణుకుని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ట్రైపాడ్ పెట్టినా, షట్టర్ స్పీడ్ పెంచినా పోదు. కంప్యూటర్లో పదును పెంచితే ఇంకా అసహ్యంగా తయారవుతుంది. బురద మీద, ఎండిన ఉప్పుమడుల మీద, సిమెంటు గట్ల మీద మరీ ఎక్కువ. డిసెంబర్ చలిలో కూడా ఉంటుంది, నేలకీ గాలికీ వేడిలో తేడా ఉంటే చాలు.

అనుమానం తీరాలంటే ఒక పని చేయండి. ఎండలో 20 మీటర్ల దూరంలో ఉన్న కరెంటు స్తంభం ఒకటి, 200 మీటర్ల దూరంలో ఉన్నది ఒకటి తీయండి. దగ్గరది పదునుగా, దూరానిది పాలలా వస్తే లెన్సుకి నమస్కారం పెట్టి సంచిలో పెట్టేయండి. రెండూ పాలలా వస్తే అప్పుడు షాపువాడి మీద కోప్పడండి. చీకటి విడిచిన రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు దూరపు ఫొటోలకి. మధ్యలో దగ్గర పిట్టలకి. అవీ లేకపోతే భోజనానికి.

కారులోంచి తీసేవాళ్ళకి కూడా ఇదే జబ్బు వస్తుంది. ఏసీ వేసుకుని, తీసే నిమిషానికి అద్దం దించి గురిపెడతారు. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి సరిగ్గా లెన్సు ముందే కలుసుకుంటాయి. ఇంజను ఆపి, ఏసీ కట్టేసి, అద్దాలన్నీ దించి కాసేపు ఆగాలి.

ఏసీ అనగానే నా సంగతి ఒకటి చెప్పాలి. తొలిసారి అంతర్వేది వైపు వెళ్ళినప్పుడు రాత్రి లాడ్జిలో ఏసీ గదిలో కెమెరా బల్ల మీద పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున బయటికి వచ్చి తీయబోతే లెన్సు మీద చెమట పట్టేసింది. తుడిచాను, మళ్ళీ పట్టింది. లోపలి గాజుకి కూడా పట్టింది. సూర్యుడు లేచాడు, పడవలు వెళ్ళాయి, సముద్రపు కాకులు పడవల వెంట వెళ్ళాయి, నేను మాత్రం పంచె కొంగుతో లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు కెమెరా సంచికి జిప్పు వేసి రాత్రి స్నానాలగదిలో పెడతాను, అక్కడ ఏసీ ఉండదు కాబట్టి. బయటికి తెచ్చాక కూడా అరగంట దాకా జిప్పు తీయను.

ప్రశ్న: అన్నా, పెద్ద లెన్సులు లక్షల్లో ఉన్నాయి. నా దగ్గర ముప్పై వేలకి మించి లేవు. ఈ హాబీ మానేయమంటారా? — ఒక ప్రైవేటు స్కూలు టీచరు, నల్గొండ

మానేయడం దేనికి తమ్ముడూ? సెకండ్ హ్యాండ్లో చూడండి. నికాన్ కూల్‌పిక్స్ పి900 లాంటి పొడుగు జూమ్ కెమెరాలు ఉన్నాయి. లెన్సు మార్చే పని లేదు, 83 రెట్లు దగ్గరికి లాగుతుంది. చీకట్లో బాగా తీయదు, ఎగిరే పిట్టని పట్టుకోవడం కష్టం, కానీ కూర్చున్న పిట్టకి చాలు. జూమ్ ఉంది కదా అని చివరిదాకా లాగకండి, పై జవాబులో చెప్పిన గాలి వణుకు మీకూ వర్తిస్తుంది. లేదా పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్సు మార్చుకునే కెమెరా), దానికి కేనన్ 55–250 లెన్సు. దూరం తక్కువే, కానీ పోటు వేళ చూసుకుని కూర్చునేవాడికి అది కూడా పనికొస్తుంది.

ట్రైపాడ్ మోసుకు రావొద్దు. ఒక గుడ్డసంచి కుట్టించుకుని ఖాళీగా తెచ్చుకోండి. ఇక్కడ దిగాక రెండు కిలోల బియ్యం కొని నింపి, మూతి కుట్టేయండి. గట్టు మీద, పడవ అంచు మీద, కారు తలుపు మీద అది పెట్టి దానిపైన లెన్సు ఆనించండి. వెళ్ళేటప్పుడు ఆ బియ్యం ఎవరికైనా ఇచ్చేయండి. విమానంలో వస్తే మాత్రం విడి బ్యాటరీలు చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

ప్రశ్న: నమస్తే అండీ. మా అత్తగారి ఊరు అమలాపురం దగ్గర. సంక్రాంతికి నాలుగు రోజులు వెళతాం. పడవలెక్కి మడ అడవులకు వెళ్ళే తీరిక ఉండదు. "పండగపూట పిట్టలేంటి" అంటారు మా అత్తగారు. ఊరు దాటకుండా ఏమైనా దొరుకుతాయా? తెల్ల కొంగలు తీస్తే సున్నం ముద్దలా వస్తున్నాయి, అది కూడా చెప్పండి. — ఒక గృహిణి, వరంగల్

అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో అదృష్టవంతులు మీరే. మీ అత్తగారికి ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రమేనని, అరిసెల పాకం వేళకి వచ్చేస్తానని చెప్పండి.

సంక్రాంతి చుట్టుపక్కల కోనసీమలో దాళ్వా (రెండో పంట) దమ్ములు జరుగుతుంటాయి. సార్వా (మొదటి పంట) కోసేసి, మళ్ళీ నీరు పెట్టి, ట్రాక్టరుకి ఇనుప చక్రాలు కట్టి మడి కలియదున్నుతారు. ఆ చక్రాల కింద నుంచి పురుగులు, కప్పలు, వానపాములు పైకి తేలతాయి. ట్రాక్టరు వెనక కొంగలు పెళ్ళి ఊరేగింపులా నడుస్తాయి. పైన గరుడ పక్షులు చక్కర్లు కొడుతుంటాయి. ఆ కొంగలకి ట్రాక్టరంటే భయం లేదు. మనిషి నడిచొస్తే లేస్తాయి గానీ ట్రాక్టరు మీదున్న మనిషిని పట్టించుకోవు. కాబట్టి ముందు డ్రైవరు కుర్రాణ్ణి పలకరించండి. ఏ మడి తర్వాత ఏది దున్నుతాడో అడిగి, అది దున్నేలోపే ఆ గట్టు మీద పీట వేసుకుని కూర్చోండి. ట్రాక్టరే కొంగల్ని మీ ముందుకి తీసుకొస్తుంది. కాకినాడలో పోటు చేసే పని ఇక్కడ ట్రాక్టరు చేస్తుంది. గట్టు చివర నడవకండి, నారుమడి తొక్కకండి. ఆ రైతు మీ మామగారికి తెలిసినవాడే అయి ఉంటాడు, సాయంత్రానికి ఇంటికి కబురొస్తుంది.

ఇప్పుడు సున్నం ముద్ద. దమ్ము మడి నల్లగా ఉంటుంది, కొంగ తెల్లగా. కెమెరా పాపం ఆ నలుపంతా చూసి "అయ్యో చీకటి" అనుకుని వెలుతురు పెంచేస్తుంది. నలుపు బూడిదవుతుంది, తెలుపు కాలిపోతుంది. చీకటి మండపంలో తెల్ల పంచెతో కూర్చున్న పెళ్ళికొడుకుతో నాకు 30 ఏళ్ళు ఇదే గొడవ. ప్లస్ మైనస్ గుర్తున్న మీటను మైనస్ 1 దగ్గర పెట్టండి, ఎండ బాగా ఉంటే మైనస్ 1.3. తెర మీద ఫొటో కాస్త చీకటిగా కనిపించినా కంగారు పడకండి, ఈకల గీతలు కనిపిస్తున్నాయా లేదా అదే చూడండి. నీటికాకి లాంటి నల్లపిట్టకి ఇది తిరగేయాలి, ప్లస్ వైపు. ఎగిరే వాటికి షట్టర్ 1/2000 సెకను పెట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే మోతాదు) ఆటోకి వదిలేయండి.

భోగినాడు, ఆ దగ్గర రోజుల్లో మంచు దట్టంగా పడితే ఇంట్లో పడుకోకండి. ఎనిమిదింటిదాకా ఎండ రాదు, కానీ ఆ మంచులో కొబ్బరిచెట్లు, కాలవ మీద తాటిదుంగ వంతెన, దాని మీద ఒంటరిగా నారాయణ పక్షి (బూడిదరంగు పెద్ద కొంగ) కనిపిస్తే నేను ఏ పని మీద వెళుతున్నా బండి ఆపేస్తాను. దూరపు లెన్సు తీసేసి ఫోన్‌తో తీసినా బాగుంటుంది.

పంట కాలవ గట్టున కరెంటు తీగ మీద బుచ్చిగాడు, అదే లకుముకి పిట్ట, కూర్చుంటాడు. నీలి వీపు, గోధుమరంగు తల, తెల్లటి రొమ్ము. వాడు నీళ్ళలోకి దూకి మళ్ళీ అదే తీగ మీదికి వస్తాడు. దూకినప్పుడు తీయాలని చూడకండి, తిరిగి వచ్చే చోటుకి ముందే ఫోకస్ పెట్టుకోండి. కనుమ నాడు మాత్రం కెమెరా పిట్టల వైపు తిప్పకండి. జగ్గన్నతోట వైపు ప్రభలు (దేవుణ్ణి నిలిపి ఊరేగించే పెద్ద అలంకరణ కట్టడాలు) కదులుతాయి, దారులన్నీ వాటివే. అవే తీసుకోండి.

ప్రశ్న: సార్, రాజమండ్రిలో మా బాబాయి వాళ్ళింట్లో మందారచెట్టులో పికిలిపిట్ట గూడు పెట్టింది. మూడు పిల్లలున్నాయి. తల్లి పురుగు తెచ్చి నోట్లో పెట్టే ఫొటో కావాలి. ఆకులు అడ్డొస్తున్నాయి. రెండు రెమ్మలు పక్కకి కడితే చాలా? — ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

కట్టకు.

ఎందుకో కూడా చెబుతాను, ఇంతవరకు ఈ శీర్షికలో రాయలేదు. పిట్టలు తీయడం మొదలుపెట్టిన తొలి ఏడాది మా వీధిలోనే, నూతి పక్క నందివర్ధనం చెట్టులో ఇలాంటిదే గూడు. నాకూ నీకు వచ్చిన ఆలోచనే వచ్చింది. నేను కట్టను కూడా లేదు, కత్తెరతో రెండు రెమ్మలు కోసేశాను. ఫ్రేము ఎంత శుభ్రంగా కుదిరిందో! పొద్దున రెండు గంటల్లో రోలు నింపినన్ని ఫొటోలు తీశాను. తల్లి, తండ్రి మార్చి మార్చి వచ్చాయి. ఎర్రని నోళ్ళు మూడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో పెద్దవి ప్రింట్లు వేసుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం మళ్ళీ వెళితే గూడు ఖాళీ. పక్కింటావిడ చెప్పింది, మధ్యాహ్నం రెండు కాకులు వచ్చాయని. తల్లిపిట్ట నోట్లో పురుగు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతోంది. ఆ పురుగుని చాలాసేపు వదల్లేదు.

ఆ ప్రింట్లు ఎవరికీ చూపించలేదు.

నువ్వు అడ్డం అనుకునే ఆకులు కాకి కంటికి కూడా అడ్డం. ఎండకీ వానకీ కూడా. రెమ్మ కట్టి మళ్ళీ విప్పేస్తాను కదా అంటావు, కానీ నువ్వు మాటిమాటికీ అక్కడికి వెళ్ళడం కాకి చూస్తూనే ఉంటుంది, దానికి బుద్ధి మనకంటే తక్కువేం కాదు. నీకు అంతగా కావాలంటే దూరంగా, ఇంటి కిటికీ లోపల నుంచి, గూడు కాకుండా తల్లి వచ్చి వాలే మొదటి కొమ్మని చూసి పెట్టుకో. చాలా పిట్టలు గూటికి నేరుగా వెళ్ళవు, ముందు ఒక కొమ్మ మీద ఆగి అటూ ఇటూ చూస్తాయి. నోట్లో పురుగుతో ఆగిన ఆ ఒక్క క్షణం తీసుకో. గూడు కనిపించకపోయినా చూసేవాడికి అర్థమవుతుంది. పది నిమిషాల్లో తల్లి రాకపోతే కిటికీ వేసేసి వచ్చేయ్.

నేల మీద గుడ్లు పెట్టే తీతువు లాంటివాటి దగ్గరికి అసలు వెళ్ళకు. ఎండాకాలంలో లంకల్లో, ఇసుకదిబ్బల మీద తిరిగేటప్పుడు తీతువు నీ నెత్తిమీద అరుస్తూ తిరిగిందంటే గుడ్లు దగ్గరలోనే ఉన్నాయని. వెతక్కుండా వచ్చిన దారినే వెనక్కి తిరుగు. తల్లి లేచిపోయిన గుడ్లు మే నెల ఎండలో ఉడికిపోతాయి. ఫోన్‌తో తీసిన గూటి ఫొటోలు ఎవరికైనా పంపేటప్పుడు లొకేషన్ ఆపేసి పంపు.

ప్రశ్న: భీమవరం దగ్గర చేపల చెరువు గట్టు మీద నీటికాకుల్ని తీస్తుంటే చెరువుగలాయన కేకలు వేసి పంపేశాడు. పిట్టల్ని తీస్తే ఆయనకేంటి నష్టం? — ఒక పాఠకుడు, గుంటూరు

ఆయన వైపు నుంచి చూడండి. నీటికాకి ఆయన పెట్టుబడిని మింగుతోంది. చెరువు మీద దారాలు కట్టాడు, వల కప్పాడు, టపాకాయలు కాల్చాడు, కాపలా మనిషిని పెట్టాడు. ఎవరో ఊరు తెలియని మనిషి పెద్ద కెమెరాతో వచ్చి వలల వైపు గురిపెట్టాడు. ఏ పత్రికవాడో, ఫారెస్టువాడో అని భయం. వలలో చిక్కి చచ్చిన పిట్ట ఒకటి వేలాడుతుంటే ఆ భయం ఇంకా ఎక్కువ. రొయ్యల చెరువైతే బయటి మనిషి కాళ్ళతో తెగులు వస్తుందనే అనుమానం కూడా ఉంటుంది, అది ఉత్త అనుమానం కాదు.

నా పద్ధతి చెబుతాను. కెమెరా సంచిలోనే ఉంచి, ముందు గుడిసె దగ్గరికి వెళతాను. "ఏవండీ, చెరువు బాగుందా, కౌంటు (కిలోకి ఎన్ని) ఎంత వచ్చింది" అని అడుగుతాను. రెండు మాటలయ్యాక పిట్టల సంగతి తీస్తాను. తీసిన ఫొటో అక్కడే తెర మీద చూపిస్తాను. సగం మంది "అదిగో ఆ చివర చెరువు ఎండగట్టాం, అక్కడ బోలెడు ఉన్నాయి" అని వాళ్ళే చెబుతారు. ఎండగట్టిన చెరువు కంటే మంచి చోటు లేదు. అడుగున మిగిలిన నీళ్ళలో కొంగలు, నల్ల కంకణం పిట్టలు, నత్తగుల్ల కొంగలు అన్నీ ఒకేచోట ఉంటాయి, తరిమేవాళ్ళూ ఉండరు. వద్దన్న సగం మంది దగ్గర మాత్రం బతిమాలకుండా వచ్చేస్తాను.

ప్రశ్న: కోరింగ అభయారణ్యం మీద డ్రోన్ ఎగరేయొచ్చా? హోప్ ఐలాండ్ దగ్గర స్కిమ్మర్లు కనిపిస్తాయంటారు, పై నుంచి తీయాలని ఉంది. — ఒక వ్లాగర్, బెంగళూరు

వద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా కుదరదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అక్కడ ఫొటోగ్రఫీ పనికైనా అనుమతి ఇచ్చేది అటవీశాఖే. మామూలు సందర్శకులకు చెక్కల దారి ఉంది, దాని మీద నడుస్తూ తీసుకునేదానికి ఏ టికెట్టు కావాలో గేటు దగ్గరే చెబుతారు. అది వేరు, డ్రోను వేరు.

చట్టం సంగతి అటుంచండి. పిట్టకి పై నుంచి వచ్చే చప్పుడంటే గద్దే. స్కిమ్మర్ల గుంపు మొత్తం లేచిపోతుంది, మీకు ఖాళీ ఇసుక దొరుకుతుంది. ఆ పిట్ట కింది ముక్కు పైదాని కంటే పొడుగు. నీటి మీద ఆ కింది ముక్కు ఆనించి గీత గీస్తూ ఎగురుతుంది. ఆ గీత నీటి మట్టం నుంచి చూస్తేనే అందం, పై నుంచి ఏముంది? పడవ కుదుర్చుకుని, నేరుగా వాటి మీదికి పోకుండా ఏటవాలుగా, ఇంజను తగ్గించి వెళ్ళమని సరంగుకి చెప్పండి. పడవలు కూడా పోటుని బట్టే, నీరు లేకపోతే పాయల్లోకి వెళ్ళవు.

ప్రశ్న: మాస్టారూ, నేను తొమ్మిదో తరగతి. బడి వాళ్ళు కైకలూరు దగ్గర ఆటపాక తీసుకెళ్ళారు. ఇనుప స్టాండ్ల మీద పెద్ద గూడబాతులు గూళ్ళు పెట్టుకున్నాయి. అవి బాగా వచ్చాయి. కానీ నీళ్ళలోంచి మెడ ఒక్కటే పాములా బయటపెట్టే పిట్టని నాన్న ఫోన్‌తో తీస్తే మసకగా వచ్చింది. అది ఏ పిట్ట? ఆ ఫొటో తీసేయాలా? — ఒక విద్యార్థిని, రావులపాలెం

తీసేయొద్దమ్మా. అది డార్టర్. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి మెడ మాత్రం పైకి పెట్టి ఈదుతుంది, అందుకే పాము అనుకుంటాం. ముక్కు చూశావా? సూదిలా నిటారుగా ఉంటే డార్టర్, చివర కొక్కెంలా వంగి ఉంటే నీటికాకి. చేపని ఆ సూదితో గుచ్చి, పైకి ఎగరేసి, తలవైపు నుంచి మింగుతుంది. దాని ఈకలు తడిసిపోతాయి. అందుకని నీళ్ళలోంచి వచ్చాక కొమ్మెక్కి రెక్కలు రెండూ బార్లా చాపి ఆరబెట్టుకుంటుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కొమ్మ చూసి పెట్టుకో. చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది, నాన్న ఫోన్‌కి కూడా తీరికగా దొరుకుతుంది.

మసక ఫొటో ఉంచుకుని, దాని వెనక తారీఖు, టైము, అక్కడ నీళ్ళు నీ మోకాలి లోతు ఉన్నాయా నడుం లోతా అన్నది రాసి పెట్టుకో. నీళ్ళలోకి దిగి కొలవకు, ఒడ్డునున్న స్తంభం మీద తడి గుర్తు చూస్తే చాలు.